వద్దు అనే చోట ఏం చెప్పాలి?

‘పరిగెత్తకు’ అనే మాటలో ముందు వినిపించేది పరుగే. దాన్ని కాదనేది చివరనున్న ‘కు’ అన్న ఒక్క అక్షరం. ‘అరవకు’, ‘ముట్టుకోకు’, ‘పడెయ్యకు’, ‘ఒలకబొయ్యకు’ అన్నీ ఇదే అచ్చులో పోసిన మాటలు. చేయకూడని పని పేరు వీటిలో గట్టిగా వినిపిస్తుంది. దాని బదులు చేయాల్సిన పని పేరు మాత్రం ఎక్కడా ఉండదు. ఆ రెండో పేరును పైకి చెప్పడాన్నే పిల్లల పెంపకంలో సానుకూల భాష అంటారు. ‘పరిగెత్తకు’ అనే చోట ‘మెల్లగా నడువు’, ‘అరవకు’ అనే చోట ‘చిన్నగా చెప్పు, వింటాను’, ‘ఒలకబొయ్యకు’ అనే చోట ‘గ్లాసు రెండు చేతుల్తో పట్టుకో’ అనడం అందులో మొదటి మెట్టు.

దీన్ని గారాబం అని పొరబడేవాళ్లు చాలామంది. గారాబంలో హద్దు జరిగిపోతుంది. ఇక్కడ హద్దు ఉన్నచోటే ఉంటుంది. గోడమీద గీయడానికి వీల్లేదన్న నియమంలో మార్పేమీ రాదు. ఆ నియమాన్ని పాటించే దారి కూడా పిల్లలకు అదే మాటలో దొరుకుతుంది, అంతే.

పసివాళ్లకు ‘వద్దు’ ఎందుకు బరువు

ఏడాది దాటేసరికే చాలామంది పిల్లలకు ‘వద్దు’ అంటే తెలుస్తుంది. తెలియడం వేరు, ఆ మాట విని చేస్తున్న పనిని ఆపుకోవడం వేరు. ‘గోడమీద గీయకు’ అని విన్న మూడేళ్ల పాప వెంటవెంటనే మూడు పనులు చేయాలి. విన్నది ఏ పని గురించో గుర్తించాలి. కదులుతున్న చేతిని ఆపాలి. చేతిలోని క్రేయాన్‌తో ఇంకేం చేయాలో తనే వెతుక్కోవాలి. మొదటిది సులువు, రెండోది కష్టం, మూడోది ఆ వయసుకు మరీ కష్టం. ‘గీతలు కాగితం మీద’ అని చెప్పి కాగితం ముందు పెడితే ఆ మూడో పని పెద్దవాళ్లే చేసిపెట్టినట్టవుతుంది. చేతిని ఆపడం కన్నా చేతిని కాగితం వైపు తిప్పడం తేలిక కాబట్టి రెండోదీ తేలికపడుతుంది.

తనను తాను ఆపుకునే శక్తి నుదుటి వెనక ఉండే మెదడు భాగం ఎదుగుదలతో ముడిపడి ఉంటుంది. మూడేళ్ల నుంచి ఆరేడేళ్ల దాకా ఈ శక్తి వేగంగా పెరుగుతుంది. ఆ భాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటుతాయి. ఆడెల్ డయమండ్ అనే శాస్త్రవేత్త బృందం 1994లో ప్రచురించిన ఒక పరిశోధన ఈ ఎదుగుదలను చిన్న ఆటలో చూపించింది. సూర్యుడి బొమ్మ చూపిస్తే ‘రాత్రి’ అనాలి, చంద్రుడి బొమ్మ చూపిస్తే ‘పగలు’ అనాలి. నియమం అర్థమైనా సరే, అయిదేళ్లలోపు పిల్లలు బాగా తడబడ్డారు. సూర్యుణ్ని చూడగానే ‘పగలు’ అన్న మాట నోటిదాకా వచ్చేస్తుంది. దాన్ని మింగి వేరే మాట అనడం వాళ్లకు పెద్ద పని. ఆరేడేళ్ల వాళ్లు అదే ఆటను చాలా తేలిగ్గా ఆడారు. ‘ఎన్నిసార్లు చెప్పినా వినడు’ అని పేరుపడ్డ నాలుగేళ్ల పిల్లవాడిలో చాలాసార్లు లోపించేది వినికిడీ కాదు, భయభక్తులూ కాదు. ఆపుకునే శక్తి ఇంకా ఎదుగుతోంది.

రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త అలెగ్జాండర్ లూరియా ఇంకాస్త ముందే దీన్ని గమనించాడు. పిల్లల చేతికి రబ్బరు బుడ్డి ఇచ్చి నొక్కమనేవాడు, మళ్లీ ఆపమనేవాడు. మరీ చిన్నపిల్లలు ‘నొక్కకు’ అన్న మాట విని ఆపకపోగా ఇంకా గట్టిగా నొక్కడం అతను చూశాడు. లూరియా చెప్పిన వయసులు, దశలు అన్నీ తర్వాతి ప్రయోగాల్లో అచ్చంగా అలాగే తేలలేదు. అయినా పని మొదలుపెట్టించే మాట పసివాళ్ల మీద ముందుగా పనిచేస్తుందనీ, పని ఆపించే మాట ఆలస్యంగా పట్టుబడుతుందనీ అతను చెప్పినదాన్ని చంటిపిల్లలున్న ఏ ఇంట్లోనైనా చూడవచ్చు.

పాలగ్లాసు కథ

నాలుగేళ్ల పిల్లవాడు నిండు స్టీలు గ్లాసుతో వంటింట్లోంచి హాల్లోకి వస్తున్నాడు. ‘ఒలకబోస్తావ్ చూడు!’ అని ఒక కేక వినిపిస్తుంది. అప్పటిదాకా పాల మీదే ఉన్న అతని చూపు కేక వచ్చిన వైపు తిరుగుతుంది. చూపు వెంట చెయ్యి కూడా తిరుగుతుంది. పాలు నేలపాలవుతాయి. ‘చెప్పానా, చెప్తే విన్నావా’ అన్నది తర్వాతి మాట. నిజానికి పిల్లవాడు విన్నాడు. విన్నందుకే తల తిప్పాడు.

అదే చోట ‘రెండో చెయ్యి కూడా పెట్టు నాన్నా, గ్లాసునే చూస్తూ నడువు’ అంటే ఆ మాట చూపును తిరిగి గ్లాసు మీదికే పంపుతుంది. ఏ చెయ్యి, ఎటు చూపు, ఎలాంటి నడక అన్నవి మూడూ అందులో ఉన్నాయి. ‘జాగ్రత్త’ అనే మాటలో ఇవేవీ లేవు. జాగ్రత్త అంటే ఏం చేయాలో పెద్దలకు తెలుసు, నాలుగేళ్లవాడికి తెలియదు. ‘బుద్ధిగా ఉండు’, ‘సరిగ్గా కూర్చో’, ‘మంచిగా ఆడుకో’ కూడా ఇలాంటివే. వినడానికి సానుకూలంగానే ఉంటాయి గాని చేసి చూపించదగిన పని వాటిలో కనిపించదు. ‘కాళ్లు మఠం వేసుకుని కూర్చో’, ‘బంతి చెల్లికి ఒకసారి, నీకు ఒకసారి’ అంటే పని కనిపిస్తుంది.

పాలు ఒలికాక కూడా ఇదే పద్ధతి. ‘గుడ్డ తెచ్చుకో, తుడుద్దాం’ అంటే తప్పును సరిదిద్దుకోవడం ఎలాగో తెలుస్తుంది. మర్నాటి నుంచి గ్లాసు సగమే నింపి ఇవ్వడం పెద్దల వంతు. చుట్టూ ఉన్న వస్తువులను పిల్లలకు తగ్గట్టు అమర్చుకుంటే చెప్పాల్సిన మాటలు సగం తగ్గిపోతాయి.

రోజూ వాడే మాటలను మార్చుకునే తీరు ఇలా ఉంటుంది:

‘మంచమెక్కి గెంతకు’ అనే చోట ‘గెంతాలంటే కింద చాప మీద గెంతు’.
‘తమ్ముణ్ని కొట్టకు’ అనే చోట ‘బొమ్మ కావాలంటే నోటితో అడుగు’.
‘పిల్లి తోక లాగకు’ అనే చోట ‘వీపు మీద మెల్లగా నిమురు, ఇదిగో ఇలా’.
‘అన్నం చిమ్మకు’ అనే చోట ‘అన్నం కంచంలోనే, చాలు అనిపిస్తే చెప్పు’.
‘చెప్పులతో లోపలికి రాకు’ అనే చోట ‘చెప్పులు గుమ్మం దగ్గర విడుద్దాం’.
‘మధ్యలో మాట్లాడకు’ అనే చోట ‘నా చెయ్యి పట్టుకుని ఉండు, ఫోన్ అయ్యాక నీ మాట వింటాను’.

‘విడుద్దాం’, ‘తుడుద్దాం’, ‘సర్దుదాం’ వంటి క్రియలు ఈ పనికి తెలుగులో సిద్ధంగా ఉన్న పనిముట్లు. ‘మేము’, ‘మనం’ అని వేరువేరుగా చెప్పగల భాషలో ‘మనం’ అనగానే వినేవాడూ జట్టులోకి వచ్చేస్తాడు. ‘బొమ్మలు తీసెయ్’ అన్నప్పుడు కదలని పిల్లలు చాలాసార్లు ‘బొమ్మలు బుట్టలో వేద్దామా, బస్సులు నువ్వు, బంతులు నేను’ అంటే కదులుతారు. అయితే ‘చేద్దాం’ అన్న తర్వాత పెద్దలు కూడా ఒక చెయ్యి వేయాలి. లేకపోతే ఆ మాటకు విలువ పోతుంది.

చెప్పే తీరు

మాట ఎంత బాగున్నా వంటింట్లోంచి కేకేస్తే పనిచేయదు. ఆటలో మునిగిన పిల్లలకు దూరం నుంచి వచ్చే గొంతు ఇంట్లో మోగే ఇతర చప్పుళ్లలో ఒకటి. దగ్గరికి వెళ్లాలి, వాళ్ల ఎత్తుకు వంగాలి లేదా కూర్చోవాలి, పేరు పెట్టి పిలిచి కళ్లు కలిశాక చెప్పాలి. పిల్లల్నే ‘నాన్నా’, ‘అమ్మా’, ‘కన్నా’ అని పిలిచే అలవాటు తెలుగిళ్లలో ఎలాగూ ఉంది. చెప్పే పని ఎంత కచ్చితమైనదైనా ఆ పిలుపు దాని గరుకుదనాన్ని తగ్గిస్తుంది.

ఒకసారికి ఒక పనే చెప్పాలి. ‘లేచి ముఖం కడుక్కుని యూనిఫాం వేసుకుని బ్యాగు తెచ్చుకో’ అన్న వాక్యంలో నాలుగు పనులున్నాయి. మూడేళ్ల పాపకు చివరిది గుర్తుంటే గొప్ప. చెప్పాక కాసేపు ఆగాలి. చిన్నపిల్లలకు విన్న మాట పనిగా మారడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఈలోపే అదే మాట రెండోసారి, మూడోసారి గొంతు పెంచి అంటే మొదటి రెండుసార్లు వినకపోయినా ఫరవాలేదని, అరిచినప్పుడు కదిలితే చాలని వాళ్లు నేర్చుకుంటారు.

ఆజ్ఞను ప్రశ్నలా అడగడం ఇంకో చిక్కు. ‘స్నానం చేస్తావా?’ అంటే ‘చెయ్యను’ అనే హక్కు పిల్లలకు వచ్చేస్తుంది. అది అడిగినదానికి చెప్పిన నిజాయితీ గల జవాబు. తప్పనిసరి పనిని పనిగానే చెప్పి, అందులో వాళ్ల ఇష్టానికి కాస్త చోటు వదలడం మంచిది. ‘స్నానం టైమయింది. చెంబుతో పోసుకుంటావా, మగ్గుతోనా?’ అనడం అలాంటిదే. రెండు దారులకు మించి ఇస్తే పసివాళ్లు తికమకపడతారు. ఆ రెండూ పెద్దలకు నిజంగా సమ్మతమైనవే అయి ఉండాలి.

‘తినకపోతే’, ‘తిన్నాక’

‘అన్నం తినకపోతే ఫోన్ ఇవ్వను’ అనే మాటలో రెండు కాదనడాలున్నాయి. ‘అన్నం తిన్నాక పార్కుకు వెళ్దాం’ అనే మాటలో ఒక్కటీ లేదు. మొదటిది బెదిరింపుగా వినిపిస్తుంది, రెండోది రోజువారీ వరసలా వినిపిస్తుంది. ఇష్టమైన పనిని అంత ఇష్టం లేని పని తర్వాత పెడితే ముందుది సాగుతుందని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ ప్రీమాక్ 1959లో చూపించాడు. ఒకటో తరగతి పిల్లల ముందు పిన్‌బాల్ ఆట యంత్రమూ మిఠాయీ పెట్టాడు. ఆటంటే ఎక్కువ మక్కువ ఉన్నవాళ్లు ఆడే అవకాశం కోసం మిఠాయి ఎక్కువ తిన్నారు. మిఠాయి ఇష్టమైనవాళ్లు దానికోసం ఎక్కువ ఆడారు. దీన్ని ఇంగ్లిషులో బామ్మగారి సూత్రం అని కూడా అంటారు. ‘పప్పన్నం అయ్యాకే మామిడిపండు’ అనే మామ్మలకు ఇది కొత్తేమీ కాదు.

లంచం దీనికి దగ్గరగా కనిపిస్తుంది గాని వేరు. దుకాణంలో కిందపడి దొర్లుతున్న పిల్లవాడికి ‘ఏడుపు ఆపితే చాక్లెట్ కొనిస్తా’ అంటే దొర్లడానికి ధర కట్టినట్టే. వరసను పని మొదలుకాకముందే, అందరూ ప్రశాంతంగా ఉన్నప్పుడే చెప్పాలి. ‘ఇవాళ సబ్బులు, నూనె కొంటాం. సబ్బు ఏదో నువ్వే ఎంచుదువుగాని’ అన్న మాట ఇంటి గుమ్మం దాటకముందే రావాలి.

బూచోడు, పోలీసు, పక్కింటి పిల్ల

తెలుగిళ్లలో పిల్లల్ని దారికి తేవడానికి పాత మందులు కొన్ని ఉన్నాయి. అన్నం తినకపోతే బూచోడు, అల్లరి చేస్తే పోలీసు, ఏడిస్తే సూదిమందు వేసే డాక్టరు. ఇవి ఆ పూటకు పనిచేసినట్టే ఉంటాయి. కానీ నిజంగా జ్వరం వచ్చిన రోజు డాక్టరు దగ్గరికి, జాతరలో తప్పిపోయిన రోజు పోలీసు దగ్గరికి ఆ పిల్లలు ధైర్యంగా వెళ్లలేరు. బూచోడు ఎప్పటికీ రాడని నాలుగైదేళ్లకు తెలిసిపోయాక పెద్దల మాట మీద నమ్మకం కూడా కొంత పోతుంది.

పోలిక ఇంకో రకం. ‘పక్కింటి పాపను చూడు, ఎంత బుద్ధిగా ఉందో’ అంటే విన్న పిల్లకు బుద్ధిగా ఉండటమెలాగో తెలియదు, పక్కింటి పాప మీద కినుక మాత్రం తెలుస్తుంది. ‘మొద్దు’, ‘మొండిఘటం’, ‘ఏడుపుగొట్టు’ వంటి పేర్లు చేసిన పనిని వదిలేసి మనిషికి అంటుకుంటాయి. పనిని మార్చుకోవచ్చు, పేరును మోయాల్సి వస్తుంది. పిల్లల మనస్తత్వ శాస్త్రవేత్త హైమ్ గినాట్ 1965లో వచ్చిన ‘బిట్వీన్ పేరెంట్ అండ్ చైల్డ్’ పుస్తకంలో తల్లిదండ్రులకు చెప్పిన ముఖ్యమైన మాట ఇదే. జరిగిందేమిటో చెప్పాలి, చేసినవాడి గుణం జోలికి పోకూడదు. ‘రంగు పెన్సిళ్లు నేల మీద ఉన్నాయి, డబ్బాలో పెట్టాలి’ అంటే సరిపోయే చోట ‘నీకు శుభ్రత అన్నదే లేదు’ అనడం దండగ.

పిల్లల్ని భయంతో కాకుండా స్వేచ్ఛతో పెంచాలన్న వాదం తెలుగులో కొత్తదేమీ కాదు. రచయిత చలం ‘బిడ్డల శిక్షణ’ రాసింది దీని గురించే. గుజరాత్‌లోని భావనగర్‌లో 1920లో బాలమందిరం తెరిచిన గిజుభాయి బధేకా బెత్తం లేకుండా, కథలతో, ఆటలతో పిల్లలకు నేర్పాడు. పిల్లలు ఆయన్ను ‘మీసాల అమ్మ’ అనేవాళ్లు. బడుల్లో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. తిట్టూ బెత్తమూ పోయిన చోట ఏ మాట రావాలన్నది మాత్రం చట్టం చెప్పే విషయం కాదు. అది ఇంట్లో, తరగతి గదిలో నేర్చుకోవాల్సిందే.

కోపం, ఏడుపు

‘ఏడవకు’ అన్నది పిల్లలకు అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాటల్లో ఒకటి. ఏడుపు పని కాదు, లోపలున్నది బయటికి రావడం. ఆపమంటే ఆగదు. ‘బెలూన్ పగిలిపోయింది. బాధగా ఉంది కదా’ అని ఆ లోపలిదానికి ఒక పేరు పెట్టి, పక్కన కూర్చుంటే ఏడుపు తనంతట తానే సన్నబడుతుంది. బాధ, కోపం, భయం, సిగ్గు, విసుగు వంటి మాటలు తెలిసిన పిల్లలు కాలితో తన్నే చోట నోటితో చెప్పడం మెల్లమెల్లగా నేర్చుకుంటారు.

కోపాన్ని ఒప్పుకోవడమంటే కొట్టడాన్ని ఒప్పుకోవడం కాదు. ‘బండి లాక్కున్నాడని కోపమొచ్చింది. కొట్టడానికి వీల్లేదు. “నా బండి ఇవ్వు” అని గట్టిగా చెప్పు’ అన్న మూడు చిన్న వాక్యాల్లో మనసూ, హద్దూ, దారీ వరసగా ఉన్నాయి. మారాం పతాకస్థాయిలో ఉన్నప్పుడు ఇంత కూడా చెవికెక్కదు. అప్పుడు దెబ్బ తగలకుండా చూసుకుంటూ దగ్గర ఉండటమే పని. మాటలు తర్వాత.

మెచ్చుకోలులో మెళకువ

సానుకూల భాష అంటే రోజంతా ‘గుడ్ బాయ్’, ‘సూపర్’ అనడం కాదు. ఆ మాటలు విన్న పిల్లలకు పెద్దలు సంతోషించారని తెలుస్తుంది, ఎందుకో తెలియదు. చూసింది చూసినట్టు చెప్పడం మేలు. ‘చెప్పులు రెండూ జతగా పెట్టావు’, ‘చెల్లి వచ్చేదాకా ఆగావు’, ‘మూడుసార్లు పడిపోయినా మళ్లీ పేర్చావు’ అంటే ఏది మళ్లీ చేయాలో అందులోనే ఉంది.

క్లాడియా ముల్లర్, కరొల్ డ్వెక్ 1998లో అమెరికాలో అయిదో తరగతి పిల్లల మీద చేసిన పరిశోధన ఈ తేడాను బయటపెట్టింది. కొన్ని చిక్కుముడులు చేయించాక కొందరిని ‘తెలివైనవాళ్లు’ అనీ, కొందరిని ‘బాగా కష్టపడ్డారు’ అనీ మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైనవి ఇచ్చి ఓడిపోనిచ్చారు. తెలివి పేరు విన్నవాళ్లు త్వరగా నీరుగారిపోయారు, మళ్లీ సులువైనవి ఇచ్చినా ముందుకంటే తక్కువ చేశారు. కష్టం పేరు విన్నవాళ్లు నిలదొక్కుకున్నారు. 2013లో వెలువడిన మరో అధ్యయనంలో పిల్లలు 14 నుంచి 38 నెలల వయసులో ఉన్నప్పుడు ఇంట్లో విన్న మెచ్చుకోళ్లను రికార్డు చేశారు. చేసిన ప్రయత్నాన్ని మెచ్చుకునే మాటలు ఎక్కువ పాలు విన్నవాళ్లు ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి కష్టమైన పనులను ఇష్టపడే వైపు మొగ్గారు. మాటకూ ఆ మొగ్గుకూ సంబంధం ఉందని మాత్రమే ఇది చెబుతుంది. ఒక్క మాటే అంతా మార్చిందని చెప్పదు.

‘వద్దు’ అనాల్సిన చోటు

గ్యాస్ పొయ్యి, కరెంటు ప్లగ్గు, రోడ్డు, నీళ్ల సంపు దగ్గర మాటల అందం చూసుకునే వ్యవధి ఉండదు. ‘ఆగు!’ అని గట్టిగా అరిచి, వెళ్లి పట్టుకోవాలి. ‘ఆగు’ కూడా ఏం చేయాలో చెప్పే మాటే. ‘రోడ్డు మీదికి వెళ్లకు’ కంటే పొట్టి, త్వరగా అందుతుంది. రోజుకు యాభైసార్లు వినిపించే ‘వద్దు’కు పదును పోతుంది. అరుదుగా వినిపించే ‘వద్దు’ విన్న పిల్లలు నిజంగా ఆగిపోతారు. మిగతా చోట్ల సానుకూల భాష వాడటానికి ఇదొక్క కారణమైనా చాలు.

కొన్ని నియమాలను ఏ గొడవా లేనప్పుడే నేర్పవచ్చు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి మన దేశపు టీచర్లకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరీ పద్ధతిలో ఇదొక పాఠం. కుర్చీ చప్పుడు కాకుండా జరపడం, తలుపు మెల్లగా వేయడం, ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఆగి పిలవడం టీచరు చేసి చూపిస్తుంది, పిల్లలు ఒక్కొక్కరే చేస్తారు. అంగన్‌వాడీలోనైనా ఇంట్లోనైనా ‘చేతులు కడుక్కుందాం’, ‘వరసలో నిలబడదాం’, ‘వాడినవి ఎక్కడివక్కడ పెడదాం’ అన్న మూడు నాలుగు నియమాలు బొమ్మలతో గోడ మీద ఉంటే పది నిషేధాల పట్టిక అక్కర్లేదు.

వయసును బట్టి మాట పొడుగు మారుతుంది. ఏడాదిన్నర పిల్లలకు ఒకటి రెండు మాటలు, వాటితో పాటే చేతికి వేరే వస్తువు. రెండు మూడేళ్లకు ఒక చిన్న వాక్యం. నాలుగైదేళ్లకు దానికో కారణం కూడా: ‘నేల తడిగా ఉంది, జారుతుంది, మెల్లగా నడువు’. అమ్మ ఒక మాట, నాన్న ఒక మాట, తాతయ్య ఇంకో మాట అంటే పిల్లలు తమకు అనువైనది పట్టుకుంటారు. అన్ని విషయాల్లో కాకపోయినా నిద్ర, తిండి, ఫోన్, కొట్టుకోవడం ఈ నాలుగింటిలో ఇంటిల్లిపాదీ ఒకే వాక్యం వాడితే మేలు. అలసిన సాయంత్రాల్లో పాత మాట నోరుజారడం సహజం. ‘అరవకు!’ అని అరిచిన తర్వాత కూడా ‘చిన్నగా చెప్పు’ అని జోడించవచ్చు.

పెద్దల నుంచి విన్న మాటను పిల్లలు అక్కడితో వదిలెయ్యరు. మూడేళ్లు దాటాక వాళ్లు ఆడుకుంటూ తమలో తాము పైకి మాట్లాడుకుంటారు. తనను నడిపించుకోవడానికి పిల్ల వాడే పనిముట్టు ఈ మాటలేనని రష్యన్ శాస్త్రవేత్త లెవ్ వైగాట్‌స్కీ చెప్పాడు. ఆయన చనిపోయిన 1934లోనే వెలువడిన ‘ఆలోచన, భాష’ అన్న పుస్తకంలో ఈ వాదం ఉంది. ఇతరులు చెప్పిన మాట ముందు పెదాల మీదికి వస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ గొణుగుడవుతుంది, చివరికి శబ్దం లేని ఆలోచనగా లోపల స్థిరపడుతుంది. నిండు గ్లాసు పట్టుకున్న పిల్ల ‘రెండు చేతులు... గ్లాసునే చూడాలి’ అని తనలో తాను గొణుక్కుంటూ గుమ్మం దాటిందంటే చెప్పేవాళ్ల పని పూర్తయినట్టే. ‘ఒలకబోస్తావ్ చూడు’ అన్న మాట మాత్రమే విన్న పిల్లకు అలా గొణుక్కోవడానికి దొరికేది పాలు ఒలకడమే.